అట్ట మీద పెద్దమ్మ

“లేదండీ... లేదండీ, మా వదినగారు బాగానే ఉన్నారండీ. అవునండీ, బతికే ఉన్నారు.”

పొద్దుటి నుంచీ ఇదే మాట ఎంతమందితో అన్నాడో జయకృష్ణకే తెలియదు. అనగా అనగా గొంతులో క్షమాపణ ఎక్కువైపోయి, బతికి ఉండడం వదినగారు చేసిన పొరపాటన్నట్టు వినిపిస్తోంది.

అవతలి వాళ్ళు ఊరుకోవడం లేదు. ఏడుపు సగంలో ఆపుకోవలసి వచ్చిన మనిషికి కోపం రాక ఏమవుతుంది? గుంటూరు నుంచి ఒకాయన నిలదీశాడు. “మరి ఆ ఫోటో ఏంటండీ? ఆదివారం బాపట్ల రమ్మన్నదేంటి? పెద్దకర్మ అనుకుని మేం కారు కూడా మాట్లాడుకున్నాం.”

“క్షమించాలండీ. అది పిల్లలు తెస్తున్న పాటల పత్రిక. దాని అట్ట.”

“పత్రికా?”

“అవునండీ. కాలేజీ పిల్లల కోసం.”

ఆయన నెమ్మదిగా అడిగాడు. “కాలేజీ పిల్లల కోసం శేషారత్నం ఫోటోకి దండెందుకు వేశారండీ?”

జయకృష్ణ ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చాడు.

హాలంతా పత్రిక కట్టలే. నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి వచ్చినప్పుడు కూతురు లిఖిత వాటి మధ్య నిలబడి చేతులు చాచి గిర్రున తిరిగింది. ఇవాళ అవే కట్టల మధ్య మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలో ఆమె స్నేహితురాలు హీనా, చెప్పులు విప్పాలో వద్దో తెలియక, ఒక చెప్పు విప్పి ఒక చెప్పుతో నిలబడి ఉంది.

“అట్ట పెట్టిన స్టేటస్ తీసేశాను అంకుల్. తెలియగానే తీసేశాను. కానీ అప్పటికే ఎవరో ఫోటో తీసి వాళ్ళ బంధువుల గ్రూపులో పెట్టేశారు.”

“లోపలికి రామ్మా.”

“పైన పత్రిక పేరుంది కదా అంకుల్. అది స్టేటస్‌లో తెగిపోయింది. నేను చూసుకోలేదు. తప్పు నాదే.”

“నీది కాదే,” అంది లిఖిత తల ఎత్తకుండా. “పేరు అంత చిన్నగా అంత పైకి తోసింది నేను. నువ్వు పెద్దది చెయ్యమన్నావు. ఆరెంజి రంగు వెయ్యమన్నావు. నేను వినలేదు.”

అది నిజమే. ఆ వాదన జరిగింది ఈ హాల్లోనే. “మన చదువరులు ఇరవై ఏళ్ళ పిల్లలే. బొమ్మ అరిస్తే తప్ప చెయ్యి చాచరు,” అంది హీనా. “ఇప్పుడు అన్నీ అరిచే బొమ్మలే. నలుపు తెలుపులో ఒక్క మొహం ఉంటే అదే ఆగి చూసేలా చేస్తుంది,” అంది లిఖిత. బాపట్ల కాలేజీ క్యాంటీన్లలో కూర్చుని వాళ్ళిద్దరూ పిల్లల్ని ఏం చదువుతారు, ఏం వింటారు అని అడిగి అడిగి పత్రికని కట్టుకొచ్చారు. ఏ వ్యాసమూ పేజీ దాటకూడదు. ప్రతి పాట పక్కనా ఫోనుతో చూస్తే వినిపించే చదరం ఉండాలి. పేరు ‘హలో మైక్’. పందిట్లో పాట మొదలయ్యే ముందు ఎవరైనా అనే మాటే కదా అని.

మొదటి సంచికకి అట్ట మీద శేషారత్నం. లిఖిత వాళ్ళ అమ్మకి అక్క. ఒకప్పుడు రేపల్లె చుట్టుపక్కల ఏ పందిరి వేసినా ఆర్కెస్ట్రాలో ఆవిడ పాట ఉండేది. పెళ్ళయ్యాక ఆ గొంతు ఎవరూ వినలేదు. మొగుడు సాంబశివరావుకి ఇష్టం లేదన్నారు, అంతే. ఇన్నేళ్ళ తర్వాత, లిఖిత కాళ్ళా వేళ్ళా పడితే, ఆయన కిందటి వారమే ఒప్పుకున్నాడు. ఆదివారం బాపట్లలో పత్రిక విడుదల. శేషారత్నం ఒకే ఒక్క పాట పాడుతుంది, దిగి వచ్చేస్తుంది.

జయకృష్ణ ఒక కాపీ చేతిలోకి తీసుకున్నాడు.

గుండ్రటి చట్రంలో నలుపు తెలుపు ఫోటో. రెండు జడల శేషారత్నం నవ్వుతోంది. చట్రం చుట్టూ మల్లెదండ. కింద మూల వేదిక మీద దీపంలా చిన్న పసుపు వెలుగు. అది స్టేజీ లైటట. దాని కింద తెల్లటి అక్షరాల్లో ఆవిడ పేరు. పేరు కింద: ఆదివారం ఉదయం, బాపట్ల. అందరూ రండి.

ఊళ్ళో ప్రతి సెంటర్లోనూ కరెంటు స్తంభానికి వేలాడే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి దీనికీ తేడా ఎక్కడుంది? ఇప్పుడు చూస్తే కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మరి వారం రోజుల కిందట లిఖిత కంప్యూటర్లో చూపించినప్పుడు ఎందుకు కనిపించలేదు? చూడగానే మనసుకి హాయిగా అనిపించింది. “ఎంత నిండుగా ఉందమ్మా!” అని తనే అన్నాడు. బోటనీ లెక్చరరుగా ముప్పై ఏళ్ళు ఆకు చూసి చెట్టు పేరు చెప్పిన మనిషి తను.

“మా నాన్న మిగతా కాపీలకి అట్టలు వెయ్యడం ఆపించారు అంకుల్,” అంది హీనా. ప్రెస్సు ఆమె తండ్రి నబీ సాహెబ్‌దే. “ఎవరూ చెప్పకుండానే ఆపేశారు. బండిల్స్ అన్నీ గోడకి తిప్పి పెట్టించారు, వచ్చేపోయేవాళ్ళకి కనపడకుండా.”

“నబీ సాహెబ్ గారు ఏమన్నారు?”

“ఏమీ అన్లేదు. లిఖిత టిఫిన్ తిందో లేదో కనుక్కుని రమ్మన్నారు.”

జయకృష్ణ చేతిలో కాపీని బోర్లించి కట్ట మీద పెట్టాడు.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి సాంబశివరావు. అరుస్తాడనుకున్నాడు. అరవలేదు. “కృష్ణా, నువ్వూ నీ కూతురూ ఒకసారి రండి,” అన్నాడు. పెట్టేశాడు.

రేపల్లె ప్యాసింజర్లో జనం బాగానే ఉన్నారు. లిఖిత చున్నీ నుదుటి దాకా లాక్కుని కిటికీ వైపు తిరిగింది. వేమూరు దాటాక ఎదుటి సీట్లో కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ఒకే ఫోనులోకి తొంగి చూస్తూ మాట్లాడుకుంటున్నారు.

“ఈ కవరు చూడవే. పాత సినిమా పోస్టర్లా ఉంది కదా!”

“ఎవరే ఈమె? హీరోయినా?”

“తెలీదే. ఆదివారం బాపట్లలో ఏదో ఉందంట. వెళ్దామా?”

“ఫ్రెండ్సందరం వెళ్దాం. ఆ రెండు జడలు చూడు, సూపర్ అసలు.”

జయకృష్ణ కూతురి వైపు చూశాడు. మామూలుగా అయితే ఎగిరి గంతేయాల్సిన మాట. ఎవరికోసం చేసిందో సరిగ్గా వాళ్ళ చేతిలోనే పడింది, వాళ్ళకి నచ్చింది. కానీ లిఖిత మొహం ఇంకా చిన్నదైపోయింది. తిట్టు కంటే మెప్పు ఎక్కువ తగిలినట్టుంది.

ఆ పిల్లలకి అది సినిమా పోస్టరు. ఇంకా చావులు చూడలేదు పాపం వాళ్ళు, చూసినా కొద్దిగానే. మల్లెదండ వాళ్ళకి జళ్ళో పువ్వు. పెద్దవాళ్ళ ఫోనులోకి వెళ్ళగానే అదే దండ గోడ మీది ఫోటోకి వేసేదయింది. పత్రిక చేసింది ఆ పిల్లల కోసం. స్టేటస్ చూసింది పెద్దవాళ్ళు.

“నాన్నా,” అంది లిఖిత గొంతు తగ్గించి. “నేను ఇంకెప్పుడూ ఏదీ డిజైన్ చెయ్యను.”

భట్టిప్రోలులో దిగబోతూ ఆ అమ్మాయిల్లో ఒకతి, “అంకుల్, ఇటు కూర్చోండి, ఎండ పడదు,” అని తన చోటు చూపించి పోయింది.

రేపల్లెలో సాంబశివరావు ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పొద్దున్నే వీధి వాళ్ళు తెప్పించారట, వచ్చేవాళ్ళు కూర్చోవడానికి. విషయం తెలిశాక పేర్చి పక్కన పెట్టారు. అద్దె కుర్చీల వాడు ఇంకా వచ్చి తీసుకుపోలేదు.

వరండాలో కారంచేడు బసవపున్నయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. శేషారత్నానికి పెదనాన్న కొడుకు. పక్కన అరిటాకులో చుట్టిన పొట్లం. ఆకు చీలికల్లోంచి బంతిపూలు కనిపిస్తున్నాయి.

“రావయ్యా కృష్ణా,” అన్నాడు నీరసంగా. “తెల్లారుజామునే బయల్దేరానయ్యా. వీధి మొదట్లోనే ఏడుపు ఎత్తుకున్నాను. ఏడుస్తూ లోపలికొచ్చేసరికి చెల్లాయి బియ్యం కడుగుతోంది. ‘ఏంటన్నయ్యా, ఎవరు పోయారు?’ అంటుంది. ఏం చెప్పను? దండ చేతిలో ఉంది!”

“క్షమించు బావా.”

“దండ ఏం చెయ్యాలయ్యా ఇప్పుడు? పారెయ్యకూడదు, ఇంట్లోకి తీసుకెళ్ళకూడదు. పొద్దుటి నుంచీ దాని పక్కనే కూర్చున్నాను.”

ఇంకెప్పుడైనా అయితే జయకృష్ణకి నవ్వొచ్చేది. లిఖిత ఆ పొట్లం వైపు చూసి అక్కడే కూలబడేలా ఉంటే భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు.

సాంబశివరావు కొట్టు బట్టల్లోనే ఉన్నాడు. ఎరువులు, పురుగుమందుల కొట్టు ఆయనది. నడిమింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. శేషారత్నం పీట మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

“పెద్దమ్మా...” లిఖిత వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడింది.

“లే. కాయలు తొక్కుతావు,” అంది శేషారత్నం. అంతే.

సాంబశివరావు మొదలుపెట్టాడు. “పొద్దున కొట్టు తియ్యడానికి వెళ్ళానయ్యా కృష్ణా. నన్ను చూడగానే పక్క కొట్టువాడు షట్టరు దించేశాడు. వాణ్ణి చూసి ఎదురువాడు దించాడు. బజారు బజారంతా నా కోసం సగం షట్టర్లు దించి చేతులు కట్టుకుని నిలబడ్డారు! నాకేం తెలుసు? ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని నేనూ దించాను. దించి, పక్కవాణ్ణి అడిగాను, ఎవరయ్యా అని. వాడు నన్ను కావిలించుకుని ఏడ్చాడు.”

“అన్నయ్యగారూ...”

“ఆగు. వాడికి నేనేం చెప్పాలి? నా పెళ్ళాం ఇంట్లో ఉందయ్యా, పొద్దున్నే నాకు కాఫీ ఇచ్చిందయ్యా అని చెప్పాను. వాడు నా మొహంలోకి ఎలా చూశాడో తెలుసా? దుఃఖంతో మతి పోయిందనుకున్నాడు! నాకు మంచినీళ్ళు తాగించి పక్కన కూర్చోబెట్టారు. బజారంతా చూస్తుండగా!”

“తప్పు నాదే పెదనాన్నా,” లిఖిత వెక్కుతూ అంది. “నాన్నకి ఏం సంబంధం లేదు.”

“ఎవరిదో నాకెందుకమ్మా? రేపు నేను కొట్టులో కూర్చుంటే, వచ్చిన రైతల్లా ఎరువు అడుగుతాడా, ఇది అడుగుతాడా? ‘ఆవిడ పాటలు పాడేదంట గదండీ’ అని అడుగుతాడు. అసలు ఆ ఊసే వద్దన్నాను నేను. ఒక్క పాట, ఒక్క పాట అని నా ప్రాణం తీశారు.”

వరండాలోంచి బసవపున్నయ్య కలగజేసుకున్నాడు. “అది కాదు బావా. పిల్ల కావాలని చేసిందా?”

“నువ్వూరుకో బావా. నువ్వేగా వీధి వీధంతా లేచేటట్టు ఏడ్చింది!”

“చెల్లాయి పోయిందంటే నవ్వుతూ రానా?” అన్నాడు బసవపున్నయ్య. కాస్త ఆగి, “పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు పొద్దుటి నుంచీ,” అని సణిగాడు.

“ఇంక ముట్టు అన్నయ్యా. నేను పోలేదుగా,” అంది శేషారత్నం. లేచి వెళ్ళి ఒక విస్తరిలో అన్నం, పప్పు పెట్టి తెచ్చి ఆయన ముందుంచింది. మళ్ళీ పీట మీదికొచ్చి కూర్చుంది.

గోరుచిక్కుడు కాయ విరిచే చప్పుడు ఒక్కటే. ఆ చప్పుడు జయకృష్ణకి తన మీదే పడుతున్నట్టుంది. వదిన తిడితే బాగుండును. తిడితే తల వంచుకోవచ్చు. తిట్టని మనిషి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

“తెచ్చావా?” అంది శేషారత్నం ఉన్నట్టుండి.

“ఏంటి పెద్దమ్మా?”

“ఆ పుస్తకం. ఫోనులో వేలెడంత చూపించారు అందరూ. అసలుది చూపించు.”

లిఖిత సంచీలోంచి తీసి భయం భయంగా ఇచ్చింది. శేషారత్నం చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. అట్ట వైపు చాలాసేపు చూసింది. లోపలి పేజీలు తిప్పలేదు. వేలితో చట్రం చుట్టూ నెమ్మదిగా రాసింది, దండ వెంబడి, వెలుగు దాకా.

“ఇది చేసేటప్పుడు నీ మనసులో ఏముందే?”

“పాత... పాత ఆర్కెస్ట్రా పోస్టర్లలా ఉండాలని పెద్దమ్మా. గుండ్రంగా ఫోటో, స్టేజీ లైటు...”

“ఆర్కెస్ట్రా పోస్టర్లు నువ్వెప్పుడు చూశావు? అవి ఎరుపూ పసుపూ ఉండేవి, కళ్ళు బైర్లు కమ్మేట్టు.” శేషారత్నం పుస్తకాన్ని జయకృష్ణ వైపు తిప్పింది. “మరిదీ, నువ్వు చెప్పు. ఇది ఎక్కడిది?”

జయకృష్ణ చూశాడు. ఈసారి కనిపించింది.

భార్య తులసి పోయినప్పుడు ఫ్లెక్సీ కొట్టువాడు నీలి మేఘాలూ, పావురాలూ, పెద్ద తామరపువ్వూ పెట్టి ఒకటి చూపించాడు. ఇంటినిండా జనం ఏడుస్తుంటే, అంతవరకూ నోరు మెదపని లిఖిత లేచి, “అమ్మకి ఈ మేఘాలొద్దు,” అంది. వెళ్ళి ఆ కొట్టులో కూర్చుని తన చేత్తో చేసింది. నలుపు తెలుపు ఫోటో. గుండ్రటి చట్రం. బంతిపూలు కాదు, తులసికి ఇష్టమైన మల్లెలు. మూల చిన్న దీపం. సెంటర్లో అది కడితే, తెలియని వాళ్ళు కూడా ఆగి చూశారు. ఎంత నిండుగా ఉందో అన్నారు. ఆ పిల్ల చేసిన మొట్టమొదటి బొమ్మ అదే.

వారం కిందట తనకి ఎందుకు హాయి అనిపించిందో ఇప్పుడు అర్థమైంది. ఆ హాయి గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. బతికున్న వదిన మొహం చుట్టూ తన భార్య చట్రం చూసి తను సంతోషించాడు.

“అమ్మది,” అంది లిఖిత. ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించినట్టుంది. “పెద్దమ్మా, ఇది అమ్మది. నాకు... నేను నిజంగా...”

“నాకు తెలుసే.”

“నాకు తెలీదు పెద్దమ్మా. ఒట్టు. నాకు తెలీదు.”

“తెలిసి చేసేదానివా?” శేషారత్నం గొంతు మొదటిసారి మెత్తబడింది. “నీకు కావలసిన వాళ్ళని ఎలా కూర్చోబెట్టాలో నీ చేతికి ఇదొక్కటే వచ్చు. నన్నూ అక్కడే కూర్చోబెట్టావు. మా చెల్లెలి చోట్లో.”

లిఖిత ఏడవలేదు. ఏడుపు దాటిపోయిన మొహంతో లేచి నిలబడింది. “పెదనాన్నా, అన్నీ చింపేస్తాను. ఒక్క కాపీ కూడా బయటికి పోదు. ఆదివారం మానేస్తున్నామని బాపట్లకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. పెద్దమ్మ పాడక్కర్లేదు. ఇంక ఎవరూ ఆ మాట ఎత్తరు.”

“అదీ మాట,” అన్నాడు సాంబశివరావు. ఒక్కసారిగా ఆయన భుజాలు దిగాయి. “చదువుకున్న పిల్లవి. అర్థం చేసుకున్నావు. ఇంక దీని సంగతి వదిలేద్దాం. ఏమయ్యా కృష్ణా?”

“మీ ఇష్టం అన్నయ్యగారూ. మీరెలా అంటే అలాగే.”

పీట పక్కన పుస్తకం పెట్టిన చప్పుడైంది.

“నన్నెవరైనా అడిగారా?” అంది శేషారత్నం.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

“కాదు, అడుగుతున్నాను. నేను పోయానని పొద్దున నాకు చెప్పకుండా ఊరంతా ఏడ్చారు. ఇప్పుడు నేను పాడనని నాకు చెప్పకుండా మీ ముగ్గురూ కూడబలుక్కుంటున్నారు. ఇంతకీ నేనున్నట్టా లేనట్టా?”

“శేషూ, నీ మంచికే...” సాంబశివరావు అందుకోబోయాడు.

“ఉండండి. పొద్దుటి నుంచీ ఎవరెవరు ఏమేమి అన్నారో అన్నీ విన్నాను. ఎవరికి దొరుకుతుందండీ అలాంటి అదృష్టం? పోయాక మన గురించి ఏమంటారో బతికుండగా వినడం!” శేషారత్నం నవ్వింది. ఆ నవ్వు చూడడానికి బాగాలేదు. “ఎదురింటావిడ నా గోంగూర పచ్చడి తలుచుకుని ఏడ్చింది. వెనకింటావిడ, ‘ఎంత ఓర్పమ్మా, నోట్లో నాలుక లేని మనిషి’ అంది. మా అన్నయ్య నేను చేసే సున్నుండలు అన్నాడు. ఏం అన్నయ్యా, అనలేదూ?”

వరండాలో బసవపున్నయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “అన్నానమ్మా,” అన్నాడు.

“ఫోనుల్లో ఎంతమందో. బంగారం లాంటి మనిషి, పిలిచి పెట్టే చెయ్యి, మొగుడి మాట జవదాటలేదు... ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ‘ఆ గొంతు ఇంక వినపడదు గదా’ అనలేదు. నేను పోతే పోయేది గోంగూర పచ్చడన్నమాట.”

జయకృష్ణ మనసులో తడుముకున్నాడు. పొద్దున ఫోనుల్లో తనూ అన్నాడు, “వంట చేసుకుంటున్నారండీ వదినగారు, క్షేమంగా ఉన్నారు,” అని. వదిన బతికుందనడానికి తనకి దొరికిన ఆధారం కూడా వంటే.

“ఈ పిల్ల ఒక్కతే,” శేషారత్నం అట్ట మీద వేలు పెట్టింది, “తప్పో ఒప్పో, చావు పటమో ఇంకోటో, నా చేతికి మైకిచ్చి నిలబెట్టింది. దీన్ని చింపుతారా? ఎవరు చింపుతారో చూస్తాను.”

“పాడతానంటావు!” సాంబశివరావు గొంతు పెంచాడు. “నలభై ఏళ్ళ నాటి గొంతు ఇంకా అలాగే ఉందనుకుంటున్నావా? పదిమందిలో నవ్వులపాలవుతావు. నాకు కాదు, నీకే అవమానం.”

“ఉందో లేదో ఇప్పుడే తేలుద్ది.”

శేషారత్నం చేటలోని కాయలు పక్కకి జరిపింది. పీట మీద నిటారుగా కూర్చుంది. కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

మొదటి పలుకు బాగానే వచ్చింది. ముసలి గొంతే, కానీ లోపల ఎక్కడో ఇత్తడి గంట మోత ఉంది. లిఖిత మొహంలోకి వెలుగు రాబోయింది. రెండో పలుకు పైకి లేచింది. ఇంకా పైకి లేవాల్సిన చోట గొంతు చీలిపోయింది. ఆవిడ ఆగకుండా మళ్ళీ అక్కణ్ణుంచే ఎత్తుకుంది. ఈసారి పాట రాలేదు, గాలి వచ్చింది. ఆ తర్వాత దగ్గు.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. బసవపున్నయ్య విస్తరిలోకి వంగిపోయాడు. లిఖిత పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది. జయకృష్ణ నేల మీద రాలిన ఈనెలు చూస్తూ కూర్చున్నాడు. ఒక మనిషి బట్టలు మార్చుకుంటుంటే పొరపాటున తలుపు తీసినట్టుంది అతనికి. వదినని ఆ స్థితిలో చూసే హక్కు తనకి లేదు.

శేషారత్నం కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు దిగుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు.

“శ్రుతి ఎక్కువ పెట్టుకున్నావు.”

అన్నదెవరో జయకృష్ణకి వెంటనే తెలియలేదు. తల ఎత్తాడు. సాంబశివరావు వీధి గుమ్మం దగ్గర, అటు తిరిగి, ఒక కాలు చెప్పులో పెట్టి నిలబడి ఉన్నాడు.

“అంత పైనించి ఎత్తుకునేదానివి కాదు నువ్వు,” అన్నాడు అటు తిరిగే. “కింద నించి మొదలుపెట్టేదానివి. రెండో చరణం దాకా గొంతు దాచుకునేదానివి. అక్కడ వదిలేదానివి.”

శేషారత్నం కళ్ళు తెరిచింది.

“మీరేమన్నారు?”

ఆయన గుమ్మానికి చెయ్యి ఆనించాడు.

“పెళ్ళిచూపులప్పుడు మా నాన్న నా పాట సంగతి ఎత్తితే, ‘నాకు ఆ గోల తెలీదండీ, నేనెప్పుడూ వినలేదు’ అన్నారు మీరు. మా నాన్న అప్పటికప్పుడు మాట మార్చేశారు. నేను తలుపు వెనకాల ఉన్నాను.”

“విన్నాను,” అన్నాడు సాంబశివరావు. చెప్పులోంచి కాలు తీసేశాడు. “కొల్లూరులో విన్నాను. చెరుకుపల్లిలో విన్నాను. పందిరి ఎక్కడంటే అక్కడికి సైకిలేసుకుని వచ్చేవాణ్ణి. జనంలో వెనకాల నిలబడేవాణ్ణి.”

శేషారత్నం ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉన్న మనిషిని ఆవిడ అప్పుడే చూస్తున్నట్టుంది.

“మరెందుకు ఆపించారు పెదనాన్నా?” అంది లిఖిత.

పిల్ల కాబట్టి అడిగింది. పెద్దవాళ్ళెవరూ అడిగేవాళ్ళు కాదు. సాంబశివరావు ఇటు తిరిగాడు. పొద్దుటి నుంచీ బజారు ముందు, బంధువుల ముందు కోపంతో నిలబెట్టుకున్న ఆ మొహం ఒక్కసారిగా వదులైపోయింది. అందులో ఇప్పుడు కోపం లేదు. తప్పు చేసి దొరికిపోయిన కుర్రాడి మొహంలా ఉంది, అంత వయసులో.

జయకృష్ణ చప్పున లేచాడు. ఒక మనిషిని అలా చూడకూడదు. ఆయనకి తను చేయగలిగిన సాయం కూడా ఏమీ లేదు, కూతుర్ని తీసుకుని బయటికి పోవడం తప్ప. “పదమ్మా లిఖితా, మనం అలా స్టేషను దాకా...”

“కూర్చో మరిదీ,” అంది శేషారత్నం.

“వదినా, మీ ఇద్దరూ...”

“కూర్చోమన్నానా? నలభై ఏళ్ళూ ఈ ప్రశ్న నాలో నేనే అడుక్కున్నాను, ఆయన్ని అడిగే ధైర్యం లేక. ఇవాళ పిల్ల అడిగింది. అందరి ముందూ చెప్పనియ్యి.”

జయకృష్ణ కూర్చున్నాడు. వరండాలో బసవపున్నయ్య విస్తరి మడిచాడు కానీ లేవలేదు.

సాంబశివరావు వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చి, “ఆ జనంలో నిలబడేది నేనొక్కణ్ణే కాదు గదా శేషూ,” అని మొదలుపెట్టాడు.